అవధియు నభిజ్ఞానమును: మహమ్మారికాలపు వియోగరచనలపై నొక లక్షణవిచారము

2020వ సంవత్సరము మార్చి మొదలు రెండేండ్లకు పైబడిన కాలమున కోవిడు మహమ్మారిని గూర్చి తెలుగున వెలువడిన పద్యములు, గేయములు, వచనకవితలు, కథలు లెక్కకు మిక్కిలిగా నున్నవి. వానిని సేకరించి వర్గీకరించుటకు పరిశోధకవిద్యార్థులు పూనుకొనుచున్నారు. ఇది మెచ్చదగిన పని. అయితే వర్గీకరణమునకు ముందు లక్షణనిర్ణయము జరుగవలెను. ఏ గుణమునుబట్టి యొక రచనను మంచిదనుచున్నాము, ఏ లోపమునుబట్టి వేఱొకదానిని ప్రక్కకు పెట్టుచున్నాము అను ప్రశ్నకు సమాధానము లేక చేసిన సేకరణము తూర్పాఱబట్టని కుప్పవంటిది. అందు గింజ యెంత, పొల్లు ఎంత అని చెప్పుట యెవ్వరికిని సాధ్యము కాదు.

మా యభిప్రాయమును మొదటనే నివేదించుచున్నాము. ఆ కాలపు రచనలకు ముఖ్యవస్తువు వియోగము. ఆ వియోగమున దుఃఖమునకు మూలము దూరమని పలువురు తలచిరి. మాకు తోచినంతలో మూలము దూరము గాదు, అవధి నశించుట. ఆ వియోగము తీరుటకు త్రోవ తెఱచుట యొక్కటియే చాలలేదు. వచ్చినవారిని గుర్తించుటకు తగిన యభిజ్ఞానమును కావలసివచ్చెను. అవధి, అభిజ్ఞానము అను నీ రెండును మన సాహిత్యమునకు క్రొత్తవి కావు. వానిని మన ముందున్న వస్తువునకు సమన్వయించుటయే యీ వ్యాసమునకు పని. సమన్వయమునకు నూజివీటి మామిడిసీమను నిదర్శనముగా గైకొంటిమి. వేచియుండని పంటయు, ఖండాంతరములందు నివసించు సంతానమును, రెండును గల యిండ్లు ఆ సీమయందు పెక్కు గలవు.

1

ఆ కాలపు రచనలలో నధికభాగము రెండు త్రోవల నడచినది. మొదటిది వీరమార్గము. ఇందు వ్యాధి రాక్షసి, వైద్యుడు సైనికుడు, ఇల్లు కోట. సభలలో, పత్రికలలో, ప్రభుత్వప్రకటనలలో నీ రూపకమే మాఱుమ్రోగినది. వైద్యులయందును, దాదులయందును, పారిశుద్ధ్యకార్మికులయందును నిజముగా వీరము కలదు. దానిని దయావీరమనియో, ధర్మవీరమనియో చెప్పుటకు మాకు సంశయము లేదు. కాని సామాన్యజనుల యనుభవమునకు నీ రూపకము పొసగదు. వీరమునకు స్థాయి ఉత్సాహము. ఉత్సాహము కదలికయందు వ్యక్తమగును. ఆనాడు జనులకు విధింపబడిన ధర్మమన్ననో కదలకుండుట. కదలరాదని శాసింపబడిన వానిచేత కత్తి పట్టించిన పద్యము ఎంత గంభీరముగా నున్నను అనుభావశూన్యమై నిలచిపోవును.

రెండవది కరుణమార్గము. ఇందు ప్రతి రచనయు చితివద్ద ముగియును. మరణములు సంభవించినవి, అవి అనేకములు, వానిని గూర్చి వ్రాయుట కవికి ధర్మము. అయినను కరుణమునకు స్థాయి శోకము, శోకమునకు హేతువు తిరిగిరాని నష్టము. ఆ రెండేండ్లలో లక్షలకొలది కుటుంబములు అనుభవించినది అట్టి నష్టము గాదు. రేపు వచ్చెదనని చెప్పి రాలేకపోయిన వాని తల్లి శోకింపదు, ఎదురుచూచును. ఎదురుచూపును శోకముగా జిత్రించిన కవి ఆ తల్లికి న్యాయము చేయలేదు. ఆమె చేతిలోని ఆశను లాగికొని, దానికి బదులు కన్నీటిని పెట్టినాడు.

2

ఈ యెదురుచూపునకు మన లాక్షణికులు పెట్టిన పేరు ప్రవాసము. విప్రలంభభేదములలో నిది యొకటి. ధనంజయుడు దశరూపకమున దీనికి మూడు కారణములు చెప్పినాడు: కార్యము, సంభ్రమము, శాపము. సాహిత్యదర్పణమున విశ్వనాథుడును ఈ మూడింటినే అంగీకరించినాడు. కార్యమువలని ప్రవాసము బుద్ధిపూర్వకము. పోవువాడు ఎఱిగి పోవును, పంపువారు ఎఱిగి పంపుదురు. సంభ్రమమువలని ప్రవాసము దైవికమైనట్టియో, మానుషమైనట్టియో విప్లవమువలన అకస్మాత్తుగా సంభవించునది. శాపమువలని ప్రవాసమునకు మేఘదూతమే ప్రసిద్ధోదాహరణము.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. విప్రలంభము శృంగారభేదము గదా. తల్లిదండ్రులకును బిడ్డలకును నడుమ నున్న వియోగమునకు దానిని చెప్పుట తగునా యని. తగునని మా మతము. వత్సలమును వేఱు రసముగా విశ్వనాథుడు ఒప్పుకొనినాడు. భాగవత దశమస్కంధమున నందయశోదల వియోగమును గోపికల వియోగముతో సమానగౌరవముగా జెప్పినారు. మథురకు బోయిన కొడుకును ఆ తల్లిదండ్రులు పెక్కేండ్లకు గాని చూడలేదు. చూచినది సూర్యగ్రహణసమయమున శమంతపంచకతీర్థమున. వారు కలిసికొనినది తమ యింట గాదు, పరదేశమున, పుణ్యకాలమున గూడిన జనసమూహమునందు. వత్సలమునకు ప్రవాసము గలదనుటకు ఇంతకంటె ప్రమాణము అక్కఱలేదు.

ఇక నీ మూడు కారణములలో మహమ్మారికాలపు వియోగము దేనికి జెందును? సంభ్రమమునకని వెంటనే తోచును. కొంచెము నిదానించినచో అంత సులువు గాదని తెలియును. కొడుకు అమెరికాకు బోయినది కార్యమువలన. కూతురు కువైటునకు బోయినది కార్యమువలన. వేరావలునకు వేటకు బోయిన శ్రీకాకుళపు మత్స్యకారుడు పోయినది కార్యమువలన. అందఱును బుద్ధిపూర్వకముగా బోయినవారే. వారు పోయిన తరువాత, వారు దూరదేశముననే యుండగా, కార్యప్రవాసము సంభ్రమప్రవాసముగా మాఱినది. ఉన్నవాడు ఉన్నచోటనే యున్నాడు. వియోగము మాత్రము జాతి మార్చుకొనినది. ఈ పరిణామమును పూర్వులు ప్రత్యేకముగా వివరించినట్లు కానరాదు. మన కాలపు వియోగరచనలకు విశేషలక్షణము ఇదియే యని మా ప్రతిపాదన.

3

ఈ పరిణామమును స్పష్టముగా జూడవలెనన్న నూజివీటి సీమకు రావలెను. నూజివీడు 2022 ఏప్రిల్ 4 వఱకు కృష్ణాజిల్లాలో నుండి, నాటినుండి ఏలూరు జిల్లాలో జేరినది. ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములును, పొరుగుననున్న రెడ్డిగూడెము, విస్సన్నపేట, మైలవరము ప్రాంతములును మామిడితోటలకు బేరుపడినవి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, వాడుకలో కలెక్టరనబడు తోతాపురి, ఇవి యచటి ముఖ్యజాతులు. శీతకాలమున పూత, పిదప పిందె, ఏప్రిల్ మొదలు జూన్ వఱకు కోత. కాయ పక్వమునకు వచ్చిన పిదప చెట్టు దానిని మోయదు; చిక్కముతో దింపి గడ్డిలో వేసిన పిదప అది మాగక మానదు. మాగిన పండు నాలుగు దినములకంటె నిలువదు. ఇంతటి కచ్చితమైన గడువు గల పంట మఱొకటి అరుదు.

బంగినపల్లి దూరప్రయాణమున కోర్చును. చిన్నరసము అట్లు ఓర్వదు. అది చేత మెత్తజేసి పిండుకొని త్రాగవలసిన పండు. ఢిల్లీ వ్యాపారికి బంగినపల్లి నమ్ముకొన్నను, ఇంటివారు బిడ్డలకని మిగుల్చుకొనునది రసము. దాని రుచి తెలియవలెనన్న పండు మనిషికడకు పోజాలదు, మనిషియే పండుకడకు రావలెను. ఈ కారణమున నా సీమలో మామిడికాలము కుటుంబములకు రాకపోకల గడువైనది. పూర్వము బడిసెలవులకు మేనమామల యిండ్లకు వచ్చిన పిల్లలకును అదియే గడువు. నేడు అమెరికాలో బడులు మూసిన వెంటనే మే చివర, జూన్ మొదట బయలుదేఱు మనుమలకును అదియే గడువు. చివరి కోత రసములు అప్పుడే దిగును. పండ్లవేళకు వచ్చెదమన్న మాట వారికి తేదీ వేసిన పత్రముకంటె నెక్కువ.

ఇచట కావ్యసంప్రదాయమునకును ఈ సీమ యనుభవమునకును గల యొక భేదమును గమనింపవలెను. కావ్యములలో మామిడి ఉద్దీపనవిభావము. అయితే అది పూవు, చిగురు. చూతము మన్మథుని పంచబాణములలో నొకటి. ఆ చిగురు మెసవిన కోయిల విరహిణిని బాధించును. పండుతో నా విరహిణికి బనిలేదు. తల్లిదండ్రుల వియోగమున నిది తలక్రిందులైనది. పూత పూసినపుడు వారికి బాధ లేదు, లెక్క మొదలగును: ఇన్ని నెలలకు కోత, ఇన్ని వారములకు రాక. కాయ దిగి, మాగి, తినువారు లేక గంపలో నల్లబడునపుడు గదా వారి వియోగము పరాకాష్ఠ నందుట. ప్రియుల మామిడి పూవు, తల్లిదండ్రుల మామిడి పండు. మహమ్మారిని గూర్చి వ్రాసిన కవులలో పలువురు ఆ వసంతమున వాడుక చొప్పున కోయిలను గూయించిరి. గడ్డిలో మాగిన పండువైపు చూచినవారు తక్కువ. వత్సలవియోగమునకు విభావము శృంగారము వాకిట దొరకదు. దానిని ఆ యింటనే వెదకవలెను.

4

అవధి యెట్లు నశించెనో తేదీలే చెప్పును. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ ఒక్క దినమునకు. మార్చి 25 మొదలు లాక్‌డౌను ఇరువదియొక్క దినములకు, అనగా ఏప్రిల్ 14 వఱకు. పిదప మే 3 వఱకు. పిదప మే 17 వఱకు. పిదప మే 31 వఱకు. అంతర్జాతీయ విమానములను మార్చి 22న నిలిపినది మొదట నొక వారమునకు మాత్రమే. ఆ వారము పొడిగింపులమీద పొడిగింపులతో సాగి, క్రమబద్ధమైన సర్వీసులు మఱల మొదలైనది 2022 మార్చి 27న. నడుమ 2020 మే 7 మొదలు వందే భారత్ పేరిట ప్రత్యేకవిమానములు నడచినను, వానిలో చోటు దొరకుట యందఱికిని సాధ్యము కాలేదు.

ఈ తేదీలలో నే యొక్కటియు దీర్ఘము కాదు. ఒక దినము, ఒక వారము, మూడు వారములు. ప్రతి గడువును ఓర్చుకొనదగినదే. ఓర్వరానిది గడువు దాటిన పిదప వచ్చు క్రొత్త గడువు. మేఘదూతమున కుబేరుడు యక్షునకు శాప మిచ్చినాడు గాని, ఆ శాపమున నొక దయ యున్నది: అది యొక సంవత్సరము. ఎనిమిది మాసములు గడచినవని యక్షుడు లెక్కపెట్టగలడు. నాలుగు మాసములు మిగిలినవని, విష్ణువు శేషశయ్యనుండి లేచు దినమున శాపము తీరునని ప్రియురాలికి చెప్పి పంపగలడు. మేఘుడు మోసికొనిపోయిన సందేశమున సారమంతయు ఆ లెక్కయే. 2020లో నూజివీటి తల్లికి కొడుకు చేసిన ఫోనులో లేనిది అదియొక్కటి. రూపము కనబడెను, కంఠము వినబడెను, తేదీ మాత్రము లేదు. మేఘునికంటె వేగముగల దూత దొరకినను, చెప్పి పంపుటకు సందేశము లేకపోయెను.

వెలి యుండుట మన సంఘమునకు క్రొత్త గాదు. పురుడు, మైల మొదలగు ఆచారములన్నిటికిని దినములు గట్టియే యున్నవి. పదియో, పదునొకండో గడచిన పిదప స్నానము చేసి నలుగురిలో గలియుదురు. క్వారంటైను అను పాశ్చాత్యపదమునందును గడువే యున్నది. వెనీసువారి భాషలో దాని కర్థము నలుబది దినములు. కనుక జనులు వెలికి వెఱవలేదు, లెక్క తెలియని వెలికి వెఱచిరి. ఈ భేదమును పట్టుకొనిన రచనకు సత్యము చిక్కినది. ఇంట బంధింపబడితిమని మాత్రము వగచిన రచనకు పైతోలు మాత్రము చిక్కినది.

2020 వేసవిలో నూజివీటి తోటలకు ఈ యవధిభంగము రెండు విధముల దగిలెను. వ్యవసాయపు బనులకు సడలింపు లున్నను కూలీలు, లారీలు, ఉత్తరదేశపు వ్యాపారులు కుదురుగా దొరకలేదు; పంటకు తన గడువు తప్పదు, మనుష్యుల గడువులు తప్పినవి. మఱొకటి విశేషముగా జెప్పదగినది. 2007లో అమెరికా విపణి భారతదేశపు మామిడికి తెఱవబడెను. ఆ దేశమునకు బోవు పండ్లను వికిరణకేంద్రములయందు అమెరికా తనిఖీదారులే వచ్చి పరీక్షింపవలెను. వారు ప్రయాణము చేయజాలనందున 2020లోను, 2021లోను ఆ యెగుమతి నిలిచిపోయెను. 2022లో మఱల సాగెను. కొడుకు పండుకడకు రాలేడు, పండు కొడుకుకడకు పోలేదు. పూర్వకవులలో నెవ్వడైనను ఈ సంగతిని కల్పించియుండినచో అతిశయోక్తి యని మనమే త్రోసిపుచ్చియుందుము.

5

సరిహద్దన్నంతనే సముద్రములకు ఆవలనున్న దేశములే యని తలపరాదు. 2020 మార్చి 25వ తేదీ రాత్రి హైదరాబాదులోని వసతిగృహములు మూయబడగా, పోలీసు లిచ్చిన యనుమతిపత్రములతో స్వగ్రామములకు బయలుదేఱిన విద్యార్థులును, ఉద్యోగులును జగ్గయ్యపేట దగ్గఱి గరికపాడు చెక్‌పోస్టు వద్ద నిలిపివేయబడిరి. ఒక ప్రభుత్వ మిచ్చిన పత్రము వేఱొక ప్రభుత్వమునకు చెల్లలేదు. నూజివీటికి బోవు వానికి ఇక నొకటి రెండు గంటల ప్రయాణమే మిగిలియుండెను. 2021 మే మాసమున నిదియే మాఱుదిక్కున జరిగెను. ఆంధ్రప్రదేశమునుండి హైదరాబాదు ఆసుపత్రులకు బోవు రోగుల అంబులెన్సులు తెలంగాణ సరిహద్దున ఆపబడెను. ఆ నిబంధనను తెలంగాణ ఉన్నతన్యాయస్థానము మే 14న నిలిపివేసెను. ఒకే భాష, ఒకే నది, ఒకే రహదారి. నడుమ నొక దండము అడ్డము పెట్టినంతనే విదేశము.

దూరము లేక వియోగము కలుగుట కావ్యవస్తువగునా యను ప్రశ్నకు తెలుగున నొక గొప్ప సమాధాన మున్నది. 1941లో జాషువా రచించిన గబ్బిలము మేఘదూతపు సందేశకావ్యరీతిని గైకొని, దానిని మఱొక త్రోవను నడిపినది. యక్షుని వేఱుచేసినది దేశాంతరము. గబ్బిలపు నాయకుని వేఱుచేసినది గుడి తలుపు. ఆ తలుపు దాటి పోగలది గబ్బిల మొక్కటియే కనుక అది దూత యైనది. దూరము గాక ద్వారము వియోగహేతువగుట తెలుగుకవిత్వమున నింత బలముగా జెప్పబడిన తావు మఱొకటి మా యెఱుకలో లేదు. మహమ్మారికాలపు కవులు యక్షుని బలుమాఱు స్మరించిరి. వారికి మిగుల దగ్గఱివాడు జాషువా నాయకుడని గుర్తింపవలసియున్నది.

ఈ సందర్భముననే యొక మాటను పరీక్షింతము. ఆ కాలమున సామాజికదూరము అను పదము తెలుగున వ్యాప్తిలోనికి వచ్చెను. కావలసినది ఆఱడుగుల యెడము. పెట్టిన పేరు సంఘమునుండి యెడము. భౌతికదూరమనుట మేలని పలువురు అప్పుడే సూచించిరి గాని, మొదటి మాట నిలిచిపోయెను. అంటు అను ధాతువునుండి అంటువ్యాధియు బుట్టినది, అంటరానితనమును బుట్టినది. ఇట్టి భాషలో సామాజికదూరమను మాటను విచారింపక వాడినవాడు గబ్బిలమును చదువనివాడని చెప్పవలసివచ్చును. పదమును ఎఱిగి వాడిన కవియు, పత్రికనుండి యెత్తికొనిన కవియు నీ యొక్క మాటవద్ద వేఱుపడుదురు.

6

ఇక నభిజ్ఞానము. శాకుంతలమున వియోగము తీరుటకు శకుంతల రాజసభకు వచ్చుట చాలలేదు. ఆమె యెదుట నిలిచియున్నది, మాటలాడుచున్నది. అయినను ఉంగరము లేదు గనుక ఆమె యామె గాదు. ఉంగరము నీట బడినది, చేప మ్రింగినది, జాలరి చేతికి దొరకినది. ఇంత జరిగినపిదప గాని రాజునకు స్మృతి రాలేదు. మనిషికంటె గుఱుతు ప్రమాణమగుట యందలి క్రౌర్యమును కాళిదాసు ఆ యొక్క ఘట్టమున చూపినాడు.

మన దేశమున వాక్సీను వేయుట 2021 జనవరి 16న మొదలయ్యెను. మొదట వైద్యసిబ్బందికి, మార్చి 1 నుండి అఱువదేండ్లు దాటినవారికి, ఏప్రిల్ 1 నుండి నలుబదియైదేండ్లు దాటినవారికి, మే 1 నుండి పదునెనిమిదేండ్లు దాటినవారికి వరుసగా నది విస్తరింపబడెను. ఆంధ్రప్రదేశమున 2021 జూన్ 20వ తేదీ నొక్క దినముననే పదుమూడు లక్షలకు మించి వేసిరి. అక్టోబరు 21 నాటికి దేశమున మొత్తము నూఱు కోట్ల మోతాదులు పూర్తియయ్యెను. ఈ సంఖ్యలు గొప్పవి. సంఖ్యల వెనుక నున్న కథ వేఱు.

పల్లె ఆరోగ్యకేంద్రమునకు బోయినవాడు సాధారణముగా ఆ దినము అచట నేది యున్న దానినే వేయించుకొనెను. పూనాలో తయారైన కోవిషీల్డో, హైదరాబాదున భారత్ బయోటెక్ సంస్థ భారతీయ వైద్యపరిశోధనమండలితో గూడి రూపొందించిన కోవాక్సినో. మందులు రెండును దేశమున సమానముగా నంగీకృతములే. సరిహద్దువద్ద మాత్రము సమానములు గాలేదు. కోవాక్సినునకు ప్రపంచ ఆరోగ్యసంస్థ యంగీకారము 2021 నవంబరు 3న లభించెను. ఆ మాసము 8వ తేదీనుండి అమెరికా వాక్సీను వేయించుకొనిన విదేశీయులను రానిచ్చెను. అయిదు దినములు ముందు గుర్తింపు రాకపోయినచో, తెలుగునేలమీద పుట్టిన మందు వేయించుకొనిన తెలుగు తల్లిదండ్రులు ఆ తెఱచిన వాకిటనే నిలిచియుండవలసినవారు. బ్రిటను వ్యవహారము ఇంకను విచిత్రము. 2021 సెప్టెంబరున అది కోవిషీల్డు మందును ఒప్పుకొనెను, ఆ మందు వేసినట్లు భారతదేశ మిచ్చిన పత్రమును ఒప్పుకొనలేదు. పత్రము చెల్లినది అక్టోబరు 11 నుండి. ఉంగరము నిజమైనదే, దానిపై ముద్ర మాత్రము సందేహమని దుష్యంతుడును పలుకలేదు.

ఆస్ట్రేలియా ఉదాహరణము వత్సలమునకు మఱింత దగ్గఱిది. ఆ దేశము 2020 మార్చి 20న సరిహద్దు మూసెను. దగ్గఱి కుటుంబమునకు మినహాయింపు లిచ్చినను, వయసువచ్చిన సంతానమునకు తల్లిదండ్రులు దగ్గఱి కుటుంబముగా లెక్కింపబడలేదు. అట్లు లెక్కించుట 2021 నవంబరు 1 నుండి మొదలయ్యెను. అందఱికిని ద్వారము తెఱచినది 2022 ఫిబ్రవరి 21న. కనియు బెంచియు పంపిన తల్లి, కొడుకునకు ఏమి కావలయునను ప్రశ్నకు ఒక దేశపు నిబంధన యిరువది నెలల దాక కాదను సమాధానమే చెప్పెను. శకుంతల నెఱుగనన్న రాజునకు దుర్వాసుని శాపమను సాకైన నున్నది.

కావున వాక్సీనును గూర్చిన రచనలయందు విమర్శకుడు చూడవలసినది స్తుతినిందలను గాదు. సూదిమందు ఆరోగ్యమునకు సాధనమైనంతమాత్రమున కావ్యవస్తువు గాదు. అది యభిజ్ఞానమై, ఒకరికి జెల్లి యొకరికి జెల్లక, తల్లినిగాని తండ్రినిగాని వాకిట నిలిపినపుడు కావ్యవస్తువగును.

7

వియోగము తీరినవారి సంగతి యిది. తీరనివారి సంగతి మిగిలియున్నది. లాక్షణికులు కరుణమునకును కరుణవిప్రలంభమునకును భేదము చెప్పిరి. ఇరువురిలో నొకరు లోకాంతరగతులైనను మఱల గలియుదు రను నాశ యున్నంతవఱకు అది విప్రలంభము. ఆశ తెగినచో కరుణము. కాదంబరిలో పుండరీకుని గోల్పోయిన మహాశ్వేతకు ఆకాశవాణి యాశ నిచ్చినది గనుక ఆమె కథ విప్రలంభమున నిలిచినది.

2020, 2021 సంవత్సరములలో పెక్కిండ్ల జరిగినది దీనికి విలోమము. ప్రవాసము నడుచుచుండగనే, ఎదురుచూపు తెగకుండగనే, ఒకనాడు అది కరుణముగా మాఱినది. లాక్‌డౌను నిబంధనలనుబట్టి అంత్యక్రియలకు ఇరువదిమందికి మించి చేరరాదు. కొడుకు ఫోను తెరమీద, కర్తగా నిలిచినవాడు మఱొకడు. వచ్చుటకు విమానము దొరకినవానికిని వేఱొక భయ ముండెను: 2020 జూన్ 22 నాటి ఉత్తరువున అమెరికా హెచ్-1బి మొదలగు వీసాల ప్రవేశమును నిలిపినది, అది 2021 మార్చి 31 వఱకు సాగినది, 2021 మే 4 నుండి భారతదేశమునుండి వచ్చు ప్రయాణికులకు వేఱుగ నిషేధము వచ్చెను. తండ్రికొఱకు వచ్చినచో భార్యాబిడ్డలకడకు తిరిగి పోలేడు. భార్యాబిడ్డలకొఱకు నిలిచినచో తండ్రికడకు రాలేడు. ఒక వియోగమును తీర్చుకొనుటకు మఱొక వియోగమును కొనితెచ్చుకొనవలెను. ధర్మసంకటమను మాటకు నిజమైన యర్థ మిచట గలదు.

ఆ కాలపు వాఙ్మయమున నుత్తమరచనకు పరీక్షాస్థలము ఈ సంధియే యని మా తలంపు. ఎదురుచూపు శోకమగు క్షణమును కవి యెట్లు దాటించుచున్నాడు? మొదటినుండియు నేడ్చుచున్న రచనకు దాటవలసిన సంధియే లేదు. యుద్ధభేరి మ్రోగించిన రచనకు వినవలసిన నిశ్శబ్దమే లేదు. పూతనాడు లెక్క మొదలుపెట్టి, కోతనాడు లెక్క తప్పి, మాగిన పండు ముందు గూర్చున్న యింటిలో ఫోను మ్రోగినదను నంతటిని శోకమను పదము వాడకయే చెప్పగలిగిన రచనకు మాత్రమే ఆ సంధి లొంగును.

8

పైవిచారమునుబట్టి పరిశోధకవిద్యార్థులు ప్రతి రచనకును నాలుగు ప్రశ్నలు వేయవచ్చును. ఇందు ప్రవాసకారణమేది, అది నడుమ జాతి మార్చుకొనినదా? పాత్రలకు అవధి యున్నదా, ఉన్నచో అది యెట్లు భంగపడినది? విభావములు ఆ యింటివా, లేక కావ్యసంప్రదాయమునుండి యెరువు దెచ్చినవా? వియోగము తీరినచో ఏ యభిజ్ఞానముతో తీరినది, తీరనిచో ఏ క్షణమున కరుణమైనది? ఈ ప్రశ్నలకు నిలువని రచనలను నిందింప బనిలేదు. అవి ఆ కాలపు చరిత్రకు సాక్ష్యములుగా నుండును. సాహిత్యముగా నిలుచునవి మాత్రము కొలదియే యగును.

మఱొక మాట. ముద్రితరచనలతో మన సేకరణము ముగియరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023 మే 5న మహమ్మారి యత్యయికస్థితి ముగిసినదని ప్రకటించినది. జనుల జ్ఞాపకము అంతకుముందే సన్నగిల్ల మొదలిడినది. ఆ రెండేండ్ల నిజమైన సందేశకావ్యము పుస్తకములలో లేదు. తల్లిదండ్రులు బిడ్డలకు పంపిన కంఠసందేశములలో, మిగిలిన పండ్లను చూపి తీసి పంపిన చిత్రములలో, పంపుటకు వీలులేక జాడీలలో నిలువయున్న యావకాయను గూర్చిన మాటలలో నున్నది. అవి ప్రాత ఫోనులలో నున్నవి. ఫోను మార్చిన ప్రతిసారియు గొన్ని పోవుచున్నవి. తాళపత్రములు చెదపట్టకముందే వెదకి తెచ్చిన పూర్వపరిశోధకుల మార్గము మనకు ఆదర్శము. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి గ్రామములకు బోయి, ఇంటివారి యనుమతితో, వారి పేళ్లు బయటపెట్టక, ఆ సందేశములను వినిన తేదీలతో సహా వ్రాసికొనవలెను. తేదీలు ముఖ్యము. వచ్చెదమన్న తేదీ యొకటి, రాలేమన్న తేదీ మఱొకటి, వచ్చిన తేదీ గాని, రానవసరము లేకపోయిన తేదీ గాని వేఱొకటి. ఈ మూడింటిని వరుసగా వ్రాసినచో ఏ వియోగము ఏ జాతిదో లక్షణకర్తను అడుగనక్కఱలేకయే తెలియగలదు.